లోతునీళ్ళ ముంత

బయ్యప్పతాతకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవాడు కాదు, పని చెప్పేవాడు. మాయ అంటే ఏమిటి స్వామీ అని అడిగిన కరణం చేత మూడు దినాలు మఠం గోడలకు సున్నం కొట్టించాడు. కరణానికి మాయ బోధపడిందో లేదో ఆ భగవంతుడికే తెలియాలి, గోడలు మాత్రం తళతళలాడాయి. అందుకే నల్లకొండల కింద ఉన్న ఆ చిన్న మఠంలో ప్రశ్నలు తక్కువగా పుట్టేవి. పుట్టినా, అడిగేవాళ్ళు ముందు తమ నడుము సంగతి చూసుకుని మరీ అడిగేవాళ్ళు.

అటువంటి తాతను ఫాల్గుణమాసం చివర ఒకనాటి పొద్దున్నే నాగలింగం అడగనే అడిగాడు. నాగలింగం మఠంలో పెద్ద శిష్యుడు. పూర్వం కంసాలి. పన్నెండేళ్ళ కిందట కుంపటి ఆర్పేసి, గొట్టమూ పట్టకారూ తమ్ముడి చేతిలో పెట్టి తాత దగ్గరికి వచ్చేశాడు. మనలో మాట, మఠానికి వచ్చే జనానికి తాత కంటే నాగలింగమే ఎక్కువ నచ్చేవాడు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పేవాడు మరి! ధ్యానంలో మొదట ఏమి కనిపిస్తుందో, తరవాత ఏమి వినిపిస్తుందో, ఆ పైన ఎటువంటి చల్లదనం ఒంటిని కమ్ముకుంటుందో ఆయన వర్ణిస్తూ ఉంటే, విన్నవాళ్ళకు అక్కడికక్కడే కళ్ళు మూతలు పడేవి. భక్తితోనే అనుకుందాం.

"తాతా, కొండమీది గుహలో ఒక్కడినే కూర్చోవాలని ఉంది" అన్నాడు నాగలింగం చేతులు కట్టుకుని. "మాట మానేసి, మనుషులను మానేసి, లోపలికి, బాగా లోతుకు పోవాలని. అయితే ఆ సమయం వచ్చిందని ఎట్లా తెలుస్తుంది?"

తాత చింతచిగురు దూస్తూ ఉన్నాడు. తల ఎత్తలేదు. "గండిసముద్రం కాడికి పో అప్పా. ఆడ మద్దిలేటని బెస్తల పెద్ద ఉండాడు. లోతునీళ్ళకు ఎప్పుడు పోదామంటాడో చూసి రా."

"నేను అడిగింది ధ్యానం సంగతి తాతా."

"విన్నా. పోయేటప్పుడు ఒక మూట సజ్జలు ఎత్తుకపో. ఆడ తిండికి కరువుగా ఉండాదంట."

గండిసముద్రం అని పేరే గాని అది సముద్రం కాదు, చెరువు. ఎప్పటి రాజులో రెండు కొండల నడుమ గండిని కట్టతో మూసి, ఏడు వాగుల నీళ్ళు నిలబెట్టారు. మఠానికి ఆమడ దూరమే. అయినా ఈ పన్నెండేళ్ళలో నాగలింగం ఒక్కసారీ అటు పోలేదు. సజ్జల మూట నెత్తిన పెట్టుకుని కట్ట ఎక్కి తల ఎత్తిన మనిషి అట్లాగే నిలబడిపోయాడు. అవతలి ఒడ్డు కనబడలేదు. కొండల మీద మోదుగులు విరగబూసి ఉన్నాయి, ఆ ఎరుపంతా నీళ్ళలో తలకిందులుగా ఉంది. ఒడ్డున పచ్చగా ఉన్న నీళ్ళు పోనుపోను నీలమై, దూరాన కట్ట ఆ కొసన, గండి ముందర కాటుక నలుపుకు తిరిగాయి. అంత నీరు ఒక్కచోట నిలిచి ఉండగలదని ఆయన ఎన్నడూ అనుకోలేదు. వింటే నవ్వుతారు గాని, ఆ నలుపును చూసేసరికి ఆయన చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

కట్ట దిగువన బెస్తల గుడిసెలు ముప్పై. వెదురుతో అల్లి తోలు బిగించిన గుండ్రటి పుట్లు ముప్పై. చలికాలమంతా వాళ్ళు మొలలోతు నీళ్ళలో వలలు వేసుకుని చిల్లర చేపలతో పొట్టపోసుకుంటారు. ఎండ ముదిరే వేళకు పెద్ద చేప, బొచ్చె గాని రాగండి గాని వాలుగ గాని, గండి ముందరి లోతుకు దిగుతుంది. ఇరవై బారల లోతది. అక్కడ పది పన్నెండు దినాలు వల వేస్తే చాలు, ఎండబెట్టిన చేప వానలదాకా నాలుగు నెలలు అన్ని ఇండ్లకూ తిండి. చిక్కల్లా ఎప్పుడు పోవాలన్నదే. తొందరపడితే గండిగాలి ఉంది. పొద్దెక్కాక కొండల సందులోంచి చెప్పాపెట్టకుండా దూకి పుట్టిని బోర్లించే గాలి అది. చేప లోతుకు దిగే కాలం దాకా అణగదు. పోనీ నిదానిస్తామా, ఎండలకు అడుగునీళ్ళు మురిగి కంపెత్తుతాయి, చేప చెదిరిపోతుంది. ముందు పోతే చావు, వెనక పోతే ఆకలి.

ఆ దినం వచ్చిందని చెప్పేవాడిని వాళ్ళు నీటిపెద్ద అంటారు. అప్పటి నీటిపెద్ద మద్దిలేటి. తెల్లవారుజామున గాలి లేనప్పుడు ఆయన పుట్టిలో లోతుకు పోయేవాడు. మూతికి బిరడా కొట్టిన మట్టిముంతకు రాయి కట్టి అడుగుదాకా దించి, రెండో తాడుతో బిరడా లాగేవాడు. ముంత అడుగునీళ్ళు మింగి పైకి వచ్చేది. దాన్ని తడిగోనెలో చుట్టి ఒడ్డుకు తెచ్చి, అందరి ముందూ కూర్చుని, కుడిచెయ్యి ముంతలో, ఎడమచెయ్యి ఒడ్డునీళ్ళలో పెట్టి కళ్ళు మూసుకునేవాడు. రెండు చేతులకూ తేడా తెలియకపోతే, కాలేదు. తెలిసిందా, నీళ్ళు పైవి వేరు, అడుగువి వేరు అయ్యాయని, చేప దిగిందని లెక్క. అప్పుడు "పోదాం" అంటాడు. ఆ మాట అన్నవాడు మొదటి పుట్టిలో ఉండాలి. ఆ ముంతలో ఇంకెవ్వరూ, అందునా ఆడవాళ్ళు, చెయ్యి పెట్టకూడదు. ఇదీ కట్టుబాటు.

నాగలింగం చేరిన మరునాడు పొద్దున్నే ఈ తంతు చూశాడు. ఊరంతా ఒడ్డున ఉంది. పసిపిల్లలు కూడా ఏడవడం లేదు. ఏడ్చే ఓపిక లేక అని ఆయనకు తరవాత తెలిసింది. మద్దిలేటి అరవై ఏళ్ళ మనిషి, నల్లగా, గట్టిగా, ఎదురు మాట్లాడటానికి ఎవరికైనా నోరురానంత పెద్దరికంగా ఉన్నాడు. చేతులు పెట్టాడు. కళ్ళు మూశాడు. చాలాసేపటికి తెరిచాడు.

"ఇంగా కాలే."

జనం తలలు వంచుకున్నారు. ఓబులేసు అనే ముప్పై ఏళ్ళ పడుచువాడు మాత్రం ఆగలేకపోయాడు. "ఎనిమిది దినాల నుంచి ఇదే మాట చిన్నాయనా! ఒడ్డునీళ్ళు చూడు, వెచ్చగా ఉండాయి. ఇంగ ఎప్పుడు? మేం ఎండుచేపలైనాకనా?"

"పోయినేడు గూడా ఒడ్డునీళ్ళు వెచ్చగానే ఉండె" అన్నాడు మద్దిలేటి.

ఆ మాటతో ఓబులేసు నోరు మూతపడింది. పోయినేడు మద్దిలేటి పోదామన్నాడు, అందరూ పోయారు. పొద్దెక్కాక గండిగాలి లేచింది. నాలుగు పుట్లు బోర్లాపడ్డాయి. పడినవాళ్ళందరూ ఎట్లాగో ఒడ్డు చేరారు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడు మద్దిలేటి కొడుకు రంగన్న. ఈదుకుంటూ వచ్చినవాడే, వెనక ఎవరో కేకపెట్టారని మళ్ళీ పోయాడు. కేకపెట్టినవాడు బతికాడు.

నాగలింగానికి మద్దిలేటి ఇంటి పంచలోనే బస. ఇంట్లో ఉండేది ఇద్దరే, మద్దిలేటి, కోడలు సుంకులమ్మ. రంగన్న పెండ్లాం ఆమె. పాతికేళ్ళు ఉంటాయేమో. మామకు వేళకు ఇంత పెట్టేది గాని, పలకరిస్తే తప్ప పలికేది కాదు. నాగలింగం తెచ్చిన సజ్జలు ఊరికంతా పంచగా మిగిలిన గుప్పెడుతో ఆ పూట జావ కాచింది. కుతకుతలాడే గిన్నెను దించడానికి గుడ్డ కోసం వెతుకుతూ ఉంటే, మద్దిలేటి వట్టి చేత్తో గిన్నె అంచు పట్టుకుని పొయ్యిమీంచి దించాడు. దించి, వెంటనే కింద పెట్టలేదు. చేత్తో పట్టుకునే, ఏదో వల సంగతి మాట్లాడుతూ కూర్చున్నాడు.

నిప్పుతో బతికిన మనిషి కదా నాగలింగం, చూపు అక్కడే ఆగిపోయింది. ఆ వేళ్ళ కొనలు ఎర్రబడి, తెల్లగా పొక్కులు లేస్తున్నాయి. మనిషి ముఖంలో మాత్రం ఏమీ లేదు. ఇటువంటి చేతులు నాగలింగం ఇదివరకు చూసి ఉన్నాడు. తన తండ్రివే. చివరి రోజుల్లో ఆయన కుంపట్లో వేలు కాలుతున్నా తెలియక మాట్లాడుతూ ఉండేవాడు. తల ఎత్తేసరికి మద్దిలేటి తననే చూస్తున్నాడు. గిన్నె చప్పున కింద పెట్టాడు. సుంకులమ్మ అటు తిరిగి ఉంది, చూడలేదు.

సాయంత్రం కట్టమీద ఇద్దరే ఉన్నప్పుడు మద్దిలేటే అడిగాడు. "చూసినావు గదా స్వామీ?"

"చూశాను."

"మూడేండ్లాయె. తాళ్ళు లాగి లాగి, చలినీళ్ళలో నాని నాని, ఈ చేతులు చచ్చిపోయినాయి. నీళ్ళో నిప్పో గూడా తెలుస్తాలేదు." ఆయన తన చేతులను ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. "మొదటేడు ఊహమీద చెప్తి, సరిపాయె. పోయినేడూ ఊహమీదే చెప్తి. జనం ఆకలి చూడలేక పోదామంటి. నా కొడుకును గాలి తీసుకపోలేదు స్వామీ, నా మాట తీసుకపోయింది. ఈయేడు నాకు పోదామనే మాట నోట్లోంచి రాదు. కాలే అంటే ఎవురూ చావరు గదా అనుకుంటి. ఇప్పుడేమో బిడ్డలు కండ్లముందర ఎండుతాండారు."

"వాళ్ళకు చెప్పకూడదా?"

"ఏమని చెప్పేది? నీటిపెద్దకు నీళ్ళు తెలియవనా?" అని నవ్వాడు మద్దిలేటి. ఆ నవ్వు వినడం కంటే ఏడుపు వినడం నయమనిపించింది నాగలింగానికి. "నువ్వు చెప్తావా, స్వామీ?"

ఎవరేమి అడిగినా రెండు శ్లోకాలు కలిపి జవాబు చెప్పే నాగలింగం నోట ఆ పూట మాట పెగల్లేదు. ఎందుకంటే, ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఆయన దగ్గరా ఉంది. పన్నెండేళ్ళుగా తెల్లవారుజామునే లేచి కూర్చుంటున్నాడు. కళ్ళు మూసుకుంటున్నాడు. ఏమీ లేదు. చల్లదనమూ లేదు, వెలుగూ లేదు, కాళ్ళ తిమ్మిర్లు తప్ప ఇంకేమీ తగలలేదు. మొదట్లో రేపు తగులుతుందిలే అనుకున్నాడు. తరవాత ఎవరో అడిగితే పుస్తకంలో చదివింది తనకు జరిగినట్టు చెప్పాడు. వాళ్ళు కాళ్ళకు మొక్కారు. ఆ పైన మానుకోవడం చేతకాలేదు. గుహకు పోతానన్నది కూడా లోతుకు పోవడానికి కాదు, ఈ జనం కళ్ళు తప్పించుకోవడానికే. ఈ మాట ఆయన తనకు తాను ఒప్పుకున్నది ఆ సాయంత్రం, ఆ కట్టమీద. ఒప్పుకుని భయపడిపోయాడు.

మరునాడు మళ్ళీ ముంత వచ్చింది, మళ్ళీ "ఇంగా కాలే" అయింది. ఈసారి ఓబులేసు కేకలు వేయలేదు. నెమ్మదిగా అన్నాడు, అందుకే అందరికీ భయం వేసింది. "రేపొక్క దినం చూస్తాం చిన్నాయనా. నువ్వు మాట ఇచ్చినా, ఇయ్యకపోయినా, రేపు ముంత చూసినాక పుట్లు లోతుకు పోతాయి. పోతే గాలికి పోతాం. ఈడుంటే ఎట్లాగూ పోతాం." పడుచువాళ్ళందరూ ఓబులేసు వెనక నిలబడ్డారు. తల్లులు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. లోతులో నీళ్ళు ఎట్లా ఉన్నాయో ఆ ఊళ్ళో ఒక్క ప్రాణికీ తెలియదు. తెలియదన్న సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే.

మధ్యాహ్నానికి బయ్యప్పతాత ఊడిపడ్డాడు. ఎవరూ పిలవలేదు. చేతికర్ర పొడుచుకుంటూ, ఇంకో మూట సజ్జలు గాడిదమీద వేసుకుని వచ్చి, కట్టమీద చతికిలబడ్డాడు. నాగలింగం పరుగెత్తుకుంటూ పోయి సంగతంతా చెప్పి, ఆయాసపడుతూ అడిగాడు. "తాతా, నేను వాళ్ళకు చెప్పేయాలా?"

"చెప్పడానికి నీకేం తెలుసు అప్పా?" అన్నాడు తాత.

అంతే. అవతల ఎండలో నీళ్ళు తళుక్కుమంటుంటే వాటిని చూస్తూ కూర్చున్నాడు.

మూడోనాడు తెల్లవారింది. ముంత ఒడ్డుకు వచ్చింది. పడుచువాళ్ళు వలలు భుజాన వేసుకునే నిలబడ్డారు. మద్దిలేటి కూర్చుని గోనె విప్పాడు. కుడిచెయ్యి ముంతలో పెట్టాడు, ఎడమచెయ్యి నీళ్ళలో పెట్టాడు, కళ్ళు మూసుకున్నాడు. పెదవులు ఏదో మాటకు విచ్చుకుని మళ్ళీ మూసుకున్నాయి. మళ్ళీ విచ్చుకున్నాయి. పోదామంటాడో కాలేదంటాడో, ఏది అన్నా అది అబద్ధమేనని నాగలింగానికి తెలుసు. అప్పుడు మద్దిలేటి కళ్ళు తెరిచి, ముంతలోంచి చెయ్యి బయటికి తీశాడు. పొక్కులు లేచిన ఆ చేతిని అందరికీ కనబడేటట్టు పైకెత్తాడు.

"సుంకులమ్మా, ఇట్ల రా తల్లీ" అన్నాడు. "నా చేతికి ఏమీ తెలుస్తాలేదు. మూడేండ్లాయె. పోయినేడు గూడా తెలీదు. తెలీకనే పోదామంటి."

ఆ మాటకు సుంకులమ్మ పడిపోతుందేమోనని పక్కనున్న ఆడవాళ్ళు భుజాలు పట్టుకోబోయారు. విదిలించుకుంది. నడిచి వచ్చి మామ ముందర నిలబడింది.

"తెలీదని ఆపొద్దే చెప్పుంటే నా మొగుడు ఉండేటోడు."

"ఉండేటోడు తల్లీ."

ఆమెకు కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. మద్దిలేటి ముంతను రెండు చేతులా ఎత్తి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. "నువ్వు చూసి చెప్పు."

"ఆడమనిషి ముంత ముట్టేదేందప్పా!" అన్నారెవరో ముసలివాళ్ళు వెనకనుంచి.

"ముట్టనీ" అన్నాడు మద్దిలేటి. గొంతు పెద్దదే, పెద్దరికం మాత్రం అందులో లేదు. "ఈడుండే ప్రతివాడికీ పోవాలని ఆశ. ఆశ ఉండే చేతికి అన్ని నీళ్ళూ చల్లగానే తగుల్తాయి. ఎవురూ పోవద్దని కోరుకునే మనిషి ఈ పిల్ల ఒక్కతే. ఈ పిల్ల చెప్తే నమ్ముతాను."

సుంకులమ్మ ముంతవంక చూసింది. పోనీలే, చావండి అని ముంతను కాలితో తన్నినా తప్పు పట్టేవాళ్ళు లేరు అక్కడ. తరవాత కూర్చుంది. కుడిచెయ్యి ముంతలో, ఎడమచెయ్యి ఒడ్డునీళ్ళలో పెట్టింది. తీసింది, కొంగుతో తుడుచుకుంది. చేతులు మార్చి మళ్ళీ పెట్టింది. ఆమె ఒంటిమీద మెడదాకా గగుర్పాటు లేవడం నాగలింగం దగ్గరినుంచి చూశాడు.

"రెండుగా ఉండాయి" అంది మెల్లగా. "ఒడ్డువి బాలింత స్నానానికి కాచినట్టుండాయి. ముంతలోవి ఎముకను కొరుకుతాండాయి. ఈపొద్దు కాదు మామా, ఎప్పుడో విడిపోయినాయి. దినాలు పోగొట్టినావు."

ఇంక ఆ ఒక్క మాటే మిగిలింది. అనాల్సింది ఆమే. మొగుణ్ణి మింగిన నీళ్ళవంక చూసింది. గండివంక చూసింది. ఒడ్డున తల్లుల చంకల్లో ఉన్న పిల్లలవంక చూసింది.

"పోదాం" అంది.

అని, కొంగు నడుముకు బిగించి మొదటి పుట్టి దగ్గరికి నడిచింది. ఆడది పుట్టెక్కి లోతుకు పోవడం ఆ ఊరు పుట్టినప్పటినుంచి లేదు. వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఎక్కడానికి మద్దిలేటి చెయ్యి అందించబోయాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు, తానే ఎక్కి కూర్చుంది. "తెడ్డు పట్టు మామా" అంది. ఆయన పట్టాడు. వాళ్ళ వెనక ఓబులేసు పుట్టి, ఆ వెనక మిగిలినవీ, ముప్పై పుట్లూ పచ్చటి నీళ్ళు దాటి, నీలం దాటి, ఆ కాటుక నలుపులోకి పోయాయి.

నాగలింగం కట్టమీద నిలబడి చూస్తూ ఉన్నాడు. సూర్యుడు కొండ దాటి పైకి వచ్చాడు. గాలి లేచే వేళ అదే. ఒడ్డున ఉన్న ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ ఒక్కరూ పుట్లవంక చూడటం లేదు, అందరి కళ్ళూ గండి మీదే. గండి పెదవిన ఒక మోదుగచెట్టు ఉంది. దాని కొమ్మ ఊగిందా, అయిపోయినట్టే. కొమ్మ కదలలేదు. పొద్దు బారెడెక్కింది, కదలలేదు. ఆ మహా జలం నూనె పోసినట్టు నున్నగా, మౌనంగా పడుకుని ఉంది. దాని మీద ముప్పై ఇండ్ల బతుకులు చిక్కుడుగింజలంత చిన్నగా తేలుతున్నాయి. ఇంత పెద్దది ఇంత ఊరికే ఉండగలదా, చేతిలో చెయ్యి వేసినట్టు మనిషిని ఇట్లా మొయ్యగలదా అని ఆయనకు ఒళ్ళు జలదరించింది. పన్నెండేళ్ళుగా శ్లోకాల్లో చదివిన ఆశ్చర్యమనే మాటకు అర్థం ఇదా అనుకున్నాడు.

మొదటి వల లాగారు. లాగలేకపోయారు. పక్క పుట్లు వచ్చి చెయ్యి వేస్తే గాని అది పైకి రాలేదు. వచ్చేసరికి నలుపు నీళ్ళలోంచి వెండి ఉబికినట్టయింది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంటే తప్ప పైకి లేవని బొచ్చెలు! కేక వేయబోయిన ఓబులేసు కూడా వేయలేదు. మొదటి చేప నీళ్ళది, తిరిగి ఇచ్చేయాలని వాళ్ళ ఆచారం. సుంకులమ్మ అన్నిటికంటే పెద్దదాన్ని ఎత్తుకుంది. రొమ్ముకు ఆనించుకుని కాసేపు అట్లాగే కూర్చుంది. తరవాత పుట్టి అంచు మీదుగా వంగి, మెల్లగా, రెండు చేతులూ మోచేతులదాకా ముంచి దాన్ని వదిలింది.

"రంగా!" అని అరిచింది అప్పుడు.

నున్నటి నీళ్ళమీద ఆ కేక కట్టదాకా వచ్చింది, కొండకు తగిలి మళ్ళీ వెనక్కి పోయింది. ఒడ్డున ఉన్న ముసలమ్మలు భోరుమన్నారు. మద్దిలేటి తెడ్డు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నాడు. ఏడుస్తున్నాడని ఇంతదూరం నుంచీ తెలుస్తూనే ఉంది. కోడలు చాలాసేపటికి చెయ్యి చాచి, ఆయన భుజం మీద వేయలేదు గాని, జారిపోతున్న తెడ్డును పట్టుకుంది.

సాయంత్రానికి ఒడ్డున ముప్పై ఇండ్ల ముందరా చేపల రాశులు. పొయ్యిలన్నీ రగిలాయి. పిల్లలకు ఏడ్చే ఓపిక తిరిగి వచ్చింది. ఆ గోల వినడానికి హాయిగా ఉంది. ఓబులేసు మద్దిలేటి దగ్గరికి పోయి ఒక వాలుగను ఆయన ముందర పెట్టి పోయాడు. వచ్చే ఏడు ముంత ఎవరు చూడాలని ఎవరూ అడగలేదు. ముంతను సుంకులమ్మే కడిగి గుమ్మం ముందర ఆరబెట్టింది.

తాతా శిష్యుడూ కట్టమీదుగా తిరుగుదారి పట్టారు. చాలా దూరం నడిచాక నాగలింగం ఆగిపోయాడు. కింద నీళ్ళు చీకటి పడక ముందే నల్లబడుతున్నాయి.

"తాతా, నాకేమీ తెలియదు" అన్నాడు. "పన్నెండేళ్ళుగా కూర్చుంటున్నాను. ఒక్కనాడూ ఏమీ తగలలేదు. జనానికి చెప్పిందంతా కల్ల. ఆ చల్లదనం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు."

తాత కర్రమీద రెండు చేతులూ ఆనించి, శిష్యుడి ముఖంలోకి కొత్తగా చూసినట్టు చూశాడు. తరవాత నీళ్ళవైపు తిరిగాడు.

"నలభై ఏండ్లు పుట్టి తోలినాడు గాని" అన్నాడు, "మద్దిలేటి గూడా లోతుకు పోయింది ఈపొద్దే అప్పా."